పిల్లిదారి

పెంపుడు పిల్లి సోట్ చచ్చిపోయి వారం దాటినా ఓడ్నీ దాన్ని పూడ్చిపెట్టలేదు. పూడ్చుదామన్నా నేల ఒప్పుకోదు. నార్వే ఉత్తరపు కొసన ఉన్న ఆ దీవిలో చలికాలం ముదిరితే మట్టి రాయైపోతుంది. గునపం వేస్తే రవ్వలు లేస్తాయే కానీ గొయ్యి పడదు. ఎవరింట పిల్లి పోయినా పెట్టెలో పెట్టి పడవల కొట్టంలో ఉంచి, వసంతంలో మంచు కరిగాక పాతుతారు. ఓడ్నీ కూడా అదే చేసింది. పోయిన మొగుడి ఉన్ని చొక్కాలో చుట్టి, చేపల పెట్టెలో పడుకోబెట్టింది. మొగుడు పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని ఊళ్ళో అనుకున్నారు. అనుకోనీ! మొగుడు ఏడాదిలో సగం సముద్రం మీదే ఉండేవాడు. సోట్ పదిహేడేళ్ళూ ఆమె కాళ్ళ మీదే పడుకుంది.

మసిలా నల్లటి పిల్లి. మూడు కాళ్ళది. ముందరి కాలొకటి చిన్నప్పుడే నక్కల ఉచ్చులో పోయింది. అయినా దాని దర్జా దానిదే. చెక్కనేల మీద టప్ టప్... టప్ అంటూ కుంటుకుంటూ వస్తుంటే, మహారాణిగారు వేంచేస్తున్నారని ఓడ్నీ వేళాకోళం చేసేది.

పెట్టె మోయడానికి పక్కింటి టోర్లీఫ్ వచ్చాడు. ఆమె మొగుడికి అన్న. వెళ్తూ వెళ్తూ, వంటింటి తలుపు అడుగున ఉన్న పిల్లిదారిని చేతికర్రతో తట్టాడు. తోస్తే ఊగే చిన్న చెక్కరెక్క అది. లోపలివైపు గడియ.

"ఇది మూసెయ్ అమ్మాయ్. పిల్లిని పాతేదాకా తియ్యకు."

"ఎందుకు బావగారూ, చలి కొడుతుందనా?"

"చలైతే కంబళి కప్పుకోవచ్చు. ఇంట్లో పిల్లి లేదని తెలిస్తే ఆ దారిన ఇంకేదో వస్తుందని మా అమ్మ చెప్పేది."

"అత్తగారు పాలు విరిగినా దెయ్యమనే అనేవారు."

"అనేది. గడియ మాత్రం వేసేది," అన్నాడు ముసలాయన. "కొరివితో తల గోక్కోకు."

ఓడ్నీ గడియ వేసింది. కొన్నాళ్ళు ఓర్చుకుంది. కానీ ఆ గడియ కంటపడినప్పుడల్లా, బిడ్డను చేజేతులా గెంటేసినట్టు కుమిలిపోయేది. చివరికి తీసేసింది. తీసి, నేల మీద బోర్లా పడుకుని ఆ కంతలోంచి చీకట్లోకి పిలిచింది.

"రావే నా బంగారూ... రావే మసిమూతీ... అమ్మ దగ్గరికి రా..."

ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు మొహం చూపించడు. మధ్యాహ్నం భోంచేసి అందరూ ఓ కునుకు తీస్తారు, బయట మాత్రం అర్ధరాత్రిలానే ఉంటుంది. మర్నాడు ఉడికించిన చేప, బంగాళాదుంపలు తిని ఓడ్నీ కూడా వంటింటి పక్కగదిలో నడుం వాల్చింది. పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. కన్ను మూతపడబోతుండగా చెక్కరెక్క చప్పుడైంది.

కాసేపటికి పాదాల మీద బరువు. వెచ్చగా లేదు. అయినా బరువే. ఆపైన గుర్రు... గుర్రు... ఓడ్నీ కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందేమోనని భయం.

"వచ్చావా తల్లీ," అంది సంతోషంగా.

ఆ తర్వాత ఎప్పుడు నడుం వాల్చినా ఆ బరువు ఉండేది. రోజురోజుకీ పెరిగింది. పాదాల మీంచి మోకాళ్ళ దాకా వచ్చింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మీద కుళ్ళే నాచు వాసన గదంతా పట్టింది. చేపల వాసనేలే అని సరిపెట్టుకుంది ఓడ్నీ. ప్రేమ గుడ్డిదంటారు. దానికి ముక్కు కూడా ఉండదు కాబోలు.

శనివారం నాటికి బరువు తొడల దాకా వచ్చింది. గుర్రు సాగుతూనే ఉంది. అప్పుడు... బయట మెట్ల మీద...

టప్ టప్... టప్.

ఓడ్నీ ఊపిరి బిగబట్టింది.

టప్ టప్... టప్. పిల్లిదారి ముందు ఆగింది. ఓ బొంగురు మ్యావ్. తిండి ఆలస్యమైతే తిట్టినట్టుగా అరిచే గొంతు. పదిహేడేళ్ళు విన్న గొంతు.

సోట్ బయట ఉంది.

మరి...

గుర్రు ఆగిపోయింది.

అప్పుడు తట్టింది ఆమెకు. తొలిరోజు చెక్కరెక్క చప్పుడు విన్నదే కానీ, అడుగుల చప్పుడు ఒక్కనాడూ వినలేదు.

చీకట్లో, ఆమె తొడల మీంచి, ఎవరో మెల్లగా అన్నారు.

"రావే నా బంగారూ..."

ఓడ్నీ గొంతే అది. ఏడుపు జీరతో సహా.

"రావే మసిమూతీ... అమ్మ దగ్గరికి రా..."

బయట పిల్లి సంబరంగా అరిచింది. చెక్కరెక్క కిర్రుమంది. కాళ్ళ మీదున్నది ఆత్రంగా ముందుకు వంగింది. దీనికోసమా ఇన్నాళ్ళూ కాచుకు కూర్చుంది! నా పిల్లి కోసమా! భయం కంటే ముందు ఓడ్నీకి ఒళ్ళు మండిపోయింది. కాళ్ళు విదిలించుకుని, మంచం మీంచి కిందపడి, పాకుతూ వంటింట్లోకి వెళ్ళింది.

"పో!" అని అరిచింది. "ఛీ పో! రాకు!"

కంతలోంచి రెండు పచ్చని కళ్ళు ఆమెను చూశాయి. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ఎన్నడూ ఛీ అనలేదు.

"రావే..." గదిలోంచి ఆమె గొంతు.

"పోతావా లేదా!" చెప్పు తీసి విసిరింది. కళ్ళు మాయమయ్యాయి. గడియ వేసింది. టప్ టప్... టప్... అడుగులు మెట్లు దిగి దూరమయ్యాయి. ఓడ్నీ తలుపుకు నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని కాపాడుకున్నానన్న తృప్తి కూడా మిగల్లేదు, వెళ్ళేముందు అది చూసిన చూపే మిగిలింది.

వెనక గదిలో ఏ అలికిడీ లేదు.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. శనివారం కాఫీకి వచ్చే టోర్లీఫ్. ఓడ్నీ ఒక్క ఉదుటున బయటపడి, తలుపు లాగేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ముసలాయన ఆమె వంక చూడలేదు. టార్చి వెలుగు మంచు మీద నిలిపాడు.

"చూశావా?" అని గుసగుసగా అన్నాడు.

ఇంటి చుట్టూ మూడు కాళ్ళ అడుగులు. తిరిగి తిరిగి, చివరికి పడవల కొట్టం వైపు పోయాయి. వాటి పక్కనే ఇంకో జాడ. వారంగా కొత్త మంచు పడక, చెరిగిపోకుండా గడ్డకట్టి ఉంది. సముద్రంలోంచి తిన్నగా పిల్లిదారికి వచ్చింది. ఏదో ఈడ్చుకుంటూ వచ్చిన చార, దానికి అటూ ఇటూ చిన్న చిన్న అరచేతుల గుర్తులు. తిరిగి వెళ్ళిన జాడ లేదు.

"గడియ వేశావా?"

ఓడ్నీ తలూపింది.

"ఎప్పుడు?"

ఆమె నోరు విప్పబోయింది. ఇంట్లో కాఫీ గిన్నె మూత చప్పుడైంది. వెంటనే లోపల్నించి ఓ గొంతు.

"ఎవరూ, బావగారా? తలుపు తీసే ఉంది. లోపలికి రండి, కాఫీ పెడతాను."

టోర్లీఫ్ టార్చి ఎత్తి మరదలి ముఖం మీద వేశాడు. ఆమె రెండు చేతుల్తో నోరు మూసుకుని ఉంది.