నేలకు పడాల్సిన దెబ్బ

కరియమ్మ పొయ్యి మీది సంగటిని తెడ్డుతో గెలుకుతూ, "కొడుకు రెండు నెలలకు ఇంటికొచ్చినాడు, ఒక మాటన్నా పలకరించవేందప్పా?" అని మొగుణ్ణి కసిరింది. కాటప్ప అరుగు మీద కూర్చుని, తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్న గోపికృష్ణ ఎడమచేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి పన్నెండు రోజులుగా ఆయనకు నిద్ర లేకుండా చేసింది.

బలసముద్రం దగ్గర సోలార్ ప్లాంటుకు కంచె వేశాక గొర్రెలు మేతకు పోయే దారి మూసుకుపోయింది. దారి వదలమని గొర్రెలవాళ్లు గేటు ముందు కూర్చున్నారు. ఎవరో రాయి విసిరారు, పోలీసులు లాఠీలు ఎత్తారు. పక్క వీధి జయరామప్ప చెయ్యి విరిగింది. ఆ వీడియో టీ అంగట్లో ఫోను నుంచి ఫోనుకు తిరిగింది.

"దారికడ్డం కూర్చుంటే ముద్దు పెట్టుకుంటారా? ఇంకో నాలుగు ఏసుండాల," అన్నాడు అంగడి బోరన్న.

కాటప్పకు ఒళ్లు మండింది. "ముసలోణ్ణి కొట్టేదానికి మనసెట్ల వచ్చిందిరా! వాని చెయ్యి పడిపోను!" అని పదిమందిలో తిట్టాడు.

ఆ తర్వాత వీడియోను రెండోసారి చూశాడు. హెల్మెట్టు కింద పోలీసు ముఖం కనబడలేదు. కానీ కొట్టినవాడిది పుర్రచేయి వాటం. బొటనవేలు కట్టె వెంబడి చాచిన పట్టు. గొర్రెకు తగలకుండా దాని పక్కన నేల మీద కొట్టే పట్టు అది. ఇప్పుడు పోలీసైన కొడుక్కి ఏడేళ్లప్పుడు చెయ్యి పట్టుకుని నేర్పింది తనే. అయ్యో దేవుడా, నోరు జారిపోయిందే! దెబ్బ ఎక్కడ పడిందో వీడియోలో తెలియదు. నేలకే పడి ఉంటుందని ఆనాటి నుంచి తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

సంగటి ముద్ద ముందర పెట్టుకుని కొడుకు తినకుండా కూర్చున్నాడు. కాటప్ప ఇక ఆగలేకపోయాడు.

"జయరామప్పను కొట్టింది నువ్వేనారా?"

"ఏం మాటలప్పా ఇవి!" కరియమ్మ చేతిలో తెడ్డు ఆగింది.

"నువ్వుండు. వాణ్ణి చెప్పనీ."

గోపికృష్ణ తల ఎత్తలేదు. "ఆర్డరు వచ్చింది నాయనా. రాళ్లు పడతా ఉండాయి. నా పక్కనోని తల పగిలింది. వీడియోలో ఉండేది మొదటి దెబ్బ. అది నేలకే ఏసినా." సంగటి ముద్దను పక్కకు నెట్టాడు. "రెండోది నేలకు కాదు. ఆయప్ప లేస్తా ఉన్నాడు, అంతే. ఎందుకు కొట్టినానో నాకే తెలీదు. కండ్లు మూస్తే ఆ ఎముక చప్పుడే ఇనబడతాది."

"ఈ మాట గడప దాటనియ్యొద్దు," అంటూ కరియమ్మ ఏడుపు లంకించుకుంది. "ఉద్యోగం పోతాది నాయనా!"

కాటప్ప కొడుకు ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈ చెయ్యి పడిపోవాలని నా నోటితోనే అన్నానురా," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "పద, ఆయప్ప ఇంటికి పోదాం."

జయరామప్ప కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని దొడ్డి ముందర కూర్చున్నాడు. తోలుకుపోయేవాళ్లు లేక గొర్రెలు లోపలే అరుస్తున్నాయి. గోపికృష్ణ ఆయన కాళ్ల మీద పడ్డాడు.

"మామా, నేనే."

"తెలుసప్పా. ఇది కాటప్ప ఇంటి పట్టని ఆ గేటు కాడే తెలిసింది. స్టేషన్లో కొట్టినోని పేరు అడిగితే ముఖం చూడలేదని రాపిచ్చినా."

"ఎందుకు మామా?"

"నువ్వే వచ్చి చెప్తావేమోనని."

"రేపు స్టేషన్లో నా పేరు నేనే రాసిస్తా."

"రాసియ్యి. నేను వద్దనను." ముసలాయన దొడ్డి వైపు చూశాడు. "ముందు వాటిని ఇడువు. ఆకలిగా ఉండాయి."

గోపికృష్ణ తడిక తీసి, గోడకున్న కట్టె అందుకుని, అలవాటు కొద్దీ నేల మీద ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకు జయరామప్ప కళ్లు గట్టిగా మూసుకుని, కట్టు కట్టిన చేతిని గుండెలకు హత్తుకున్నాడు. ఒళ్లంతా వణికింది.

అది చూసి గోపికృష్ణ కట్టెను మెల్లగా గోడకు ఆనించేశాడు. ఉత్త చేతులతో, నోటితోనే పిలుచుకుంటూ గొర్రెల ముందు నడిచాడు. కాటప్ప జయరామప్ప పక్కన కూర్చుని, ఆ వణుకు తగ్గేదాకా ఆయన భుజం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.