షట్టరు రెక్క సందున

మానుకోట టూరింగ్ టాకీసుల మ్యాట్నీ ఆట. 1978 ఎండాకాలం. రేకుల కింద జనం చెమటలు తుడుచుకుంట బీడీలు కాలుస్తున్నరు. పైన మిషను గదిల ఆపరేటరు జైసింగ్ కార్బన్ పుల్లలు సరిచేసి లైటు వెలిగించిండు. వెనుక తలుపుకు తాళం పడ్డ చప్పుడైంది. ఆట నడుమ ఆపరేటరు కిందికి దిగొద్దని టాకీసు యజమాని రవీందర్ దొర పెట్టిన రివాజు అది.

ఆ రివాజుకే రెండేండ్ల కింద పాత ఆపరేటరు ముత్యం బలైండు. ఇదే గదిల, కార్బన్ పొగకు ఊపిరాడక, తలుపు కొట్టి కొట్టి సచ్చిండు. తాగి పడ్డడని దొర ఊరంత చెప్పిండు. ముత్యం పెండ్లాం సత్తెమ్మ ఎంత మొత్తుకున్నా ఎవడు నమ్మిండు? ఇప్పుడామె టాకీసు ముంగట పల్లీలమ్ముతది. ఆ తాళం చప్పుడింటె జైసింగ్‌కు ఒళ్లు మండుతది. "మేం మనుషులమా, గొర్లమా దొరా?" అని మొదటి రోజే అడిగిండు. దొర నవ్వి తాళమేసిండు.

ఆ పూట కరెంటు తక్కువుండె. మిషను నిదానమై తెర మిణుకు మిణుకుమన్నది. జైసింగ్‌కు అది ఎరుకైన సంగతే. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు పోవాలె. ఒక బొమ్మ జరిగి ఇంకోటొచ్చే సందుల షట్టరు రెక్క లైటుకు అడ్డమొస్తది, తెర చీకటైతది. వేగముంటె ఆ చీకటి కన్నుకు చిక్కదు, హీరో గుర్రం నున్నగ ఉరుకుతది. వేగం తగ్గితె చీకటి బయటపడతది, గుర్రం అదిరదిరి నడుస్తది.

ఇయ్యాల ఆ చీకట్ల ఎవరో ఉన్నరు.

గుర్రం అదురుతున్నది. ఆ మనిషి అదురుతలేడు...

జైసింగ్ వేగం పెంచిండు. మనిషి మాయం. తగ్గించిండు. పాట మూలిగింది, చీకటి పెరిగింది... బూడిద రంగు మనిషి తేటగ కనబడ్డడు. రెండు పిడికిళ్లతోని తెరను లోపలి నుంచి కొడుతున్నడు. గదిల కాలిన వాసన. గొంతుల కారం పోసినట్టు పొగ... జైసింగ్ ఒకడుగు ఎనుకకేసిండు.

"ముత్యమన్నా... నువ్వేనా?"

తెర మీది పిడికిళ్లు ఆగినయి. మల్ల మొదలైనయి.

తలుపవతల దొర గొంతు, వణుక్కుంట: "ఒరేయ్! వేగం పెంచురా! జనం చూస్తున్నరు!"

భయం ఎటు పోయిందో, జైసింగ్‌కు కోపం నషాళానికెక్కింది. "చూడనీ దొరా! రెండేండ్ల సంది ఎవ్వరు చూడలే!" అని వేగం ఇంకింత తగ్గించిండు.

కింద హాలు సప్పుడు బందైంది. పల్లీల గంప ఇడిసి లోపలికి ఉరికొచ్చిన సత్తెమ్మ కేక ఒక్కటే వినబడ్డది. "మా ఇంటాయన! చూడుండ్రి, తలుపు కొడుతుండు! తాగి పడ్డోడు గట్ల కొడతడా?"

"జైసింగ్... బాంచెన్, ఆపు," అన్నడు దొర. అందరు తనకు మొక్కుకుంట అనే ఆ మాట, పుట్టి ఎవనితో అనలే ఆయన.

"తాళం తియ్యి. మల్ల ఎయ్యనని మాటియ్యి."

తాళం తెరుచుకున్నది. జైసింగ్ ఆయన చేతులకెళ్లి తాళం గుంజుకొని బయటికొచ్చిండు. దొర మిషను ఆపుదామని లోపలికి దూరిండు. తలుపు దభాలున పడ్డది.

లోపల దగ్గు. పిడికిళ్లు. "తలుపు తియ్యుండ్రి!" జైసింగ్ గుంజిండు. కింది నుంచి ఉరికొచ్చిన నలుగురు గుంజిండ్రు. గొళ్లెం పెట్టి లేదు, తాళం లేదు, అయినా తలుపు కదల్లే...

ఆఖరుకు సత్తెమ్మ మెట్లెక్కి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి మెల్లగ అన్నది: "ఇడిసిపెట్టయ్యా. అందరు చూసిండ్రు."

తలుపు తెరుచుకున్నది. దొర దగ్గుకుంట బయటపడ్డడు, పానముంది. జైసింగ్ తాళాన్ని మెట్ల కింద మురికి మోరిల పారేసిండు. మల్ల ఆ గదికి ఎవ్వరు తాళమెయ్యలే.

కాని తలుపు బయటి దిక్కు, గుంజినోళ్లందరు నిలబడ్డ దిక్కు, రెండు అరచేతుల మసి అచ్చులున్నయి, తలుపును నెట్టి పట్టుకున్నట్టు. సత్తెమ్మ వాటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగున్నయి.