పిడుదు పట్టిన చోటు

"ఎడమ మోకాలి వెనక," అంది ఒంటిని వెలుగుతో వెతికే చూపుగది గోడ.

ఎస్తేరు వంగి, సన్నమూతి పట్టకారును చర్మానికి ఆనించి పిడుదును తల దగ్గర పట్టుకుంది. మెలితిప్పలేదు, గుంజలేదు. నెమ్మదిగా, తిన్నగా పైకి లాగింది. నువ్వుగింజంత పురుగు. కాళ్లు ఇంకా ఆడుతున్నాయి. దాన్ని గాజుగొట్టంలో వేసి పఠని యంత్రంలోకి జార్చింది. పఠని దాని పొట్టలోని నెత్తుటిని చదివి పచ్చగా వెలిగింది.

"జ్వరప్పురుగు కాదులే అవ్వా," అంది ఎస్తేరు, ముసలామె కాలిని సబ్బునీళ్లతో కడుగుతూ. "అయినా ఈ నెలలో ఒళ్లు వెచ్చబడితే ఆగకుండా రా."

నల్లమల తూర్పు అంచున ఎర్రబోడు ద్వారంలో ఆమె పని ఇదే. అడవిలో చలికాలమన్నది లేకుండా పోయాక పిడుదులకు చావు లేకుండా పోయింది, వాటితో పాటు పిడుదు జ్వరం పెరిగింది. తేనెకూ చెట్టుబంకకూ పోయినవాళ్లు, కార్చిచ్చు పాకకుండా అగ్గిబాటలు నరికేవాళ్లు, ఎవరు బయటికి రావాలన్నా చూపుగదిలో నిలబడాల్సిందే. దొరికిన ప్రతి పురుగూ ఏ పెంటలో, అంటే ఏ అడవిగూడెంలో, పట్టిందో రక్షణపటంలోకి ఎక్కుతుంది. ఒకే చోట మూడు జ్వరాలు కనబడ్డాయంటే ఆ చోటికి మూత పడుతుంది. మనుషుల్ని పట్నం అంచున ఉన్న వేరుబసలకు తరలిస్తారు. మేకల్నీ కుక్కల్నీ ఎగిరే యంత్రాలు తగలబెడతాయి.

తర్వాత బయన్న వచ్చాడు. ఇప్పలమడుగు పెంటవాడు, అగ్గిబాట ముఠాకు పెద్ద. చొక్కా విప్పి, చేతులు చాచి నిలబడ్డాడు. వెలుగు అతని ఒంటిమీద పైనుంచి కిందికి పాకింది.

"నిర్మలం," అంది గోడ.

ఎస్తేరు అతన్ని పోనివ్వలేదు. రోజంతా నడుమెత్తు గడ్డిలో పనిచేసే మనిషి. ఈ వానాకాలంలో ఒక్కసారి కూడా అతని మీద పిడుదు దొరకలేదు. చేయి పైకెత్తించి చూసింది. చంక కింద గుండ్రటి మచ్చ, నడుం మీద మరోటి, పొక్కి ఎండినవి.

"ఇయ్యేంది బయన్నా?"

"పొయ్యి కాడ నిప్పురవ్వ పడిందమ్మా."

"చంకలో ఎట్టా పడుద్ది నిప్పురవ్వ?"

అతను చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ అసలు సంగతి చెప్పాడు.

"బీడీ ముట్టిచ్చి ఆనిస్తే అదే ఊడి పడుద్ది. మా పెంటంతా అట్టనే జేస్తన్నాం. ఇంక ఈడ నీకేం దొరుకుద్ది?"

"ఎందుకట్టా?"

"ఎందుకా? రేకులకుంటోళ్లు ఏడికి బోయినారో నీకు తెలవదా? నిరుడు పొయినోళ్లు ఇంతవరకు తిరిగి రాలా. ఆ రేకుల కొట్టాల్లో పడున్నారు. మేకలు గూడ లేవు, ఇంక ఏం మొగం బెట్టుకొని వస్తరు?"

ఎస్తేరుకు తెలుసు. ఆ మేకల్ని కాల్చిన పొగ ఈ ద్వారానికి కూడా కనబడింది.

"నామాట విను," అంది గొంతు తగ్గించి. "దాన్ని కాలిస్తే ఊరికే ఊడదు. చచ్చేముందు పొట్టలో ఉండేదంతా మన ఒంట్లోకి కక్కుద్ది. జ్వరం లేనోడికి గూడ జ్వరం అంటిచ్చినట్టే."

బయన్న ముఖం మారిపోయింది. తల తిప్పి, బయట బల్ల మీద కూర్చున్న భార్య వైపు చూశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో మంతనమ్మ దుప్పటి కప్పుకొని ఉంది.

"దాని వీపు మీద నేనే కాల్చినా," అన్నాడు.

ఇద్దరూ కలిసి ఆమెను లోపలికి నడిపించారు. ఒళ్లు పెనంలా ఉంది. మణికట్ల మీద కందిగింజలంత ఎర్రమచ్చలు. వేలికొస నుంచి తీసిన నెత్తుటి చుక్కకు పఠని ఎర్రగా వెలిగింది. ఎస్తేరు మందు అర ముందుకు వెళ్లింది. నిలుపుమాత్ర జ్వరం మొదట్లో పడితేనే గట్టిగా పనిచేస్తుంది, ముదిరాక మనిషి దక్కడం కష్టం.

"పిడుదు పట్టిన చోటు చెప్పండి," అంది అర. చోటు చెప్పకుండా అది తెరుచుకోదు.

మంతనమ్మ భర్త చేతిని గట్టిగా పట్టుకుంది. "చెప్పబాక. ఇప్పుటికే ఇంకో ఇద్దురు కాగుతా పండుకోనుండారు మన పెంటలో. నాతో మూడు. మేకల్ని కాలుస్తరు, పిల్లోళ్లని కొట్టాల్లో ఏస్తరు. నేనొక్కదాన్ని బోతే బోతా."

బయన్న ఎస్తేరు వైపు చూశాడు.

ఎస్తేరు ప్రాంతీయ వైద్యాధికారి చిదంబరాన్ని తెరమీదికి పిలిచింది. సంగతంతా చెప్పి, చోటు అడగకుండా అర తెరిపించమంది.

"వీలు కాదు, ఎస్తేరు గారూ," అన్నాడు చిదంబరం. అలసిపోయిన మనిషి గొంతు. "చోటు తెలియకపోతే పటం గుడ్డిదైపోతుంది. రేపు పక్క లోయలో జ్వరం లేస్తే మనకెలా తెలుస్తుంది? ఆ పటం వల్లే కదా కింది ఊళ్లు బతికి బట్టకట్టాయి?"

"నిజమే సార్. కానీ ఒకసారి ఇప్పలమడుగును తెరిచి చూడండి."

తెర మీద అడవి పరుచుకుంది. ఇప్పలమడుగు తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. దాని చుట్టూ ఉన్న పెంటలన్నీ తెల్లగానే ఉన్నాయి.

"నడి అడవిలో ఉండేవాళ్లకు ఒక్క పిడుదు పట్టకపోవడమేంటి సార్? వాళ్లకు జ్వరం లేక కాదు, మనమంటే భయం. పటం గుడ్డిదై చాలా రోజులైంది."

చిదంబరం పటాన్ని దగ్గరికి జరిపి చూశాడు. "మూత నియమం పైనున్న మండలిది. మార్చమని రాస్తాను. ఈలోపు నా చేతిలో ఏమీ లేదు."

"ఈలోపు ఈమె ఏమవుతుంది సార్?"

ఎస్తేరు మంతనమ్మ వైపు చూసింది. అడవిలో ఏ మూల పేరు చెప్పినా అది ఎవరో ఒకరి పెంట అవుతుంది. ఎవరి పెంటా కాని చోటు ఒక్కటే ఉంది. మూతపడ్డ చోట లోపలున్న వాళ్లందరికీ ఏమీ అడగకుండా మందివ్వాలనే నియమం కూడా ఆమెకు కంఠతా వచ్చు. అర వైపు తిరిగింది.

"ఎర్రబోడు ద్వారం," అంది స్పష్టంగా.

"ఇది తనిఖీ స్థలం. నిర్ధారించండి."

ఎస్తేరు బొటనవేలు ఆనించింది. అర తెరుచుకుంది.

"ఏం చేస్తున్నారో తెలుసా?" అన్నాడు చిదంబరం.

"తెలుసు సార్."

"అది అబద్ధం."

"అబద్ధమే. కింద నా వేలిముద్ర ఉంది. దానికి ఏం శిక్ష వేసినా పడతాను. ముందు ఈమెను మాత్ర మింగనివ్వండి."

మంతనమ్మ చేత మాత్ర మింగించి, బయటికి వచ్చి వరుస ముందు నిలబడింది ఎస్తేరు. "ఎవురికన్నా ఒళ్లు కాగుతన్నదా? కాల్చుకున్న మచ్చలుంటే చూపియ్యండి. ఏ పెంటలో పట్టిందో నేనడగను."

కొందరు మచ్చలు కనబడకుండా బట్టలు కిందికి లాక్కున్నారు. అప్పుడు బయన్న వాకిట్లోకి వచ్చాడు.

"కాల్చబాకండి," అన్నాడు. వరుస దాకా నడిచి మళ్లీ అన్నాడు. "మేలు జేస్తన్నాననుకొని నా ఆడమనిషికి నేనే కాల్చినా. లోపల జూడండి ఎట్టా పడుందో."

కాసేపటికి తేనె పట్టే మనిషి ఒకడు పంచె పైకి లాగి తొడ చూపించాడు. పఠని ఎర్రగా వెలిగింది. ఎస్తేరు మళ్లీ అదే చోటు చెప్పింది. అతని వెనక బంక ఏరే ఆడమనిషి, పేరు పోలమ్మ, చూపుగది గడప దగ్గరే ఆగిపోయింది.

"నాకు గూడ రెండు దినాల నుంచి చలీ జ్వరమమ్మా. నేను మూడోదాన్నయితే ఈ గేటు మూస్తరు గదా?"

"మూస్తరు. నాతో సహా అందరం ఈడనే ఉంటాం, తర్వాత వేరుబసలకు తోలినా తోల్తరు. ఇంటికి ఎప్పుడు బోతామో నేను చెప్పలేను. అందరికీ మందు మాత్రం ఉంటది. బోవాలనుకునేవోళ్లు ఇప్పుడే బోండి, నేనేమీ అనుకోను."

వరుసలో జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు గంపలెత్తుకొని అడవిలోకి వెనుదిరిగారు. మిగిలినవాళ్లు నీడ చూసుకొని కూర్చున్నారు. పోలమ్మ లోపలికి వచ్చింది.

మూడోసారి వేలు ఆనించగానే ద్వారం రెండువైపులా తలుపులు దిగాయి. ఎర్రబోడుకు మూత పడినట్టు గోడ ప్రకటించింది. కాల్చవలసిన పశువుల కోసం వెతికి, లేవని చెప్పింది. మందు అర తలుపు బార్లా తెరుచుకుంది.

అడవి నుంచి కిందికి పోయే దారి అదొక్కటే. తేనె ఆగింది, బంక ఆగింది, అగ్గిబాటల ముఠాలు ఆగాయి. పొద్దు వాలకముందే చిదంబరం మళ్లీ తెర మీదికి వచ్చాడు. ఈసారి బండిలో ఉన్నాడు.

"మండలివాళ్లంతా నా మీద పడ్డారు. డాక్టర్లను తీసుకొని నేనే వస్తున్నాను. ఎవరినీ పట్టుకుపోవడానికి కాదని చెప్పండి, లేకపోతే తలుపులు దూకి పారిపోతారేమో."

"ఎవరూ పారిపోవడం లేదు సార్. మాత్రలు వేసుకొని కూర్చున్నారు."

చిదంబరం బండి వేగం తగ్గించాడు. "ఇప్పలమడుగులో నిజంగా ఎంతమందికి ఉందో ఆమె భర్తను చెప్పమనండి. రాత్రికల్లా మందు అక్కడికి చేర్చాలి."

ఎస్తేరు తెరను బయన్న వైపు తిప్పింది. బయన్న భార్యను చూశాడు. మంతనమ్మ గోడకు ఆనుకొని, కళ్లు తెరిచే ఉంది.

"మేకల్ని కాల్చేది లేదని, మనుసుల్ని తోలకపొయ్యేది లేదని ఆ సారును ముందు చెప్పమను," అంది.

"ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు," అన్నాడు చిదంబరం. బండిని పక్కకు తీసి ఆపినట్టున్నాడు, శబ్దం తగ్గింది. "ఇస్తున్నాను. వైద్యం పెంటలోనే చేస్తాం. యంత్రాలను నా పేరు మీద ఆపుతాను."

మంతనమ్మ తల ఊపింది. బయన్న తెరకు దగ్గరగా జరిగి, ఒక్కొక్కరి పేరే చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లటి అడవి మీద మొదటి ఎర్రచుక్క పడింది. ఆ పక్కనే ఇంకొకటి.