ఇంకొంచెం వెనక్కి

ఆ ఫోటో స్టూడియో ముందు అద్దంలో ఒకే ఒక్క పెద్ద బొమ్మ ఉండేది.

ఒక అమ్మాయి ముఖం. కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది. పెదాలు కొంచెం విడివడి ఉన్నాయి. నవ్వబోతోందో, ఏదో చెప్పబోతోందో తెలియదు. పొడవాటి తిన్నని జుట్టు ముఖం చుట్టూ పైకి లేచి ఉంది, ఎవరో కింద కూర్చుని ఊదుతున్నట్టు. వెనకంతా వెన్న కరిగినట్టు ఆకాశం. దారినపోయేవాళ్లు ఆ బొమ్మ దగ్గర ఒక్క క్షణమైనా ఆగేవాళ్లు.

మన అమ్మాయి కూడా అలాగే ఆగింది. పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చిన మనిషి, వచ్చిన పని మర్చిపోయి అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. 'నన్ను ఒక్కసారి ఎవరైనా ఇలా తీస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు' అనుకుంది. నిజంగానే అనుకుంది. అలాంటి మనసు ఆమెది, ఇట్టే కరిగిపోతుంది.

"లోపలికి రా చిలకా, అద్దం మాసిపోతుంది" అన్నాడు ఫోటోగ్రాఫరు నవ్వుతూ. తల పక్కకి వంచి చూస్తుందని మొదటిరోజే ఆ పేరు పెట్టేశాడు. తర్వాత ఆమెకి అదే పేరు అయిపోయింది.

"ఈమె ఎవరండీ?"

"నా భార్య. పిచ్చుక అనేవాణ్ణి. మెట్ల మీంచి జారిపడింది." లెన్సు తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

చిలక గుండె నీరైపోయింది. చచ్చిపోయినదాన్నే ఇంత అందంగా దాచుకున్నవాడు, బతికున్నదాన్ని ఎంత బాగా చూసుకుంటాడో! ఆ లెక్కతోనే పెళ్లి చేసుకుంది. అద్దంలో ఆ బొమ్మ తీసి నీ బొమ్మ పెడతానని అతను మాట కూడా ఇచ్చాడు.

కింద స్టూడియో, పైన ఇల్లు, ఆ పైన డాబా. ఇంట్లో ముగ్గురే. చిలక, ఫోటోగ్రాఫరు, అతని తల్లి. అత్తగారు మనిషి సన్నం, మాట మందం. కొత్తకోడలు గ్లాసు పెట్టినా చప్పుడే, పెట్టకపోయినా తప్పే. "మా పిచ్చుక నడిస్తే నేలకి కూడా తెలిసేది కాదు. నువ్వు నడిస్తే పక్కింటివాళ్లు లేస్తున్నారు" అనేది. చిలక నవ్వేసి ఊరుకునేది. అద్దంలోకి తన బొమ్మ ఎక్కాక ఈవిడ నోరు అదే మూతపడుతుందని ఆమె ఆశ.

కానీ ఆ బొమ్మే కుదరలేదు.

అతని దగ్గర ఒక పెద్ద నల్ల కెమెరా ఉండేది. ఫుల్ ఫ్రేమ్. దాని గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం నీళ్లు అక్కర్లేదు అతనికి. "మామూలు కెమెరాలో వెలుగుని పట్టే సెన్సరు గోరంత. దీంట్లో అగ్గిపెట్టె అంత. చీకట్లో మన కళ్లకి కనిపించనిది కూడా దీనికి కనిపిస్తుంది. వెనకున్నదంతా కరిగించేసి కన్ను ఒక్కదాన్నే పట్టుకుంటుంది. మనిషి కదిలినా వదలదు. చచ్చినా వదలదు."

ఊరందరి ముఖాలూ దాంట్లో అద్దంలా వచ్చేవి. చిలక ముఖం మాత్రం మంచులో నిలబడ్డట్టు వచ్చేది.

స్టూడియో గదిలో బూడిదరంగు గుడ్డ ముందు కూర్చోబెట్టి తీశాడు. ముఖం మసక, గుడ్డ నేత మాత్రం దారం దారం స్పష్టం. స్క్రీన్ మీద ఉండే చిన్న పసుపు చదరం ఆమె కంటి మీదికి రావాలి. రాలేదు. ఆమె భుజం పక్కనుంచి జారి, వెనక్కి వెళ్లి, ఏమీ లేని చోట ఆగి నిలబడింది.

"కదలకే బాబూ!"

"కదల్లేదండీ."

"మరి నేను కదిలానా? గోడ కదిలిందా?"

గుమ్మంలోంచి అత్తగారు తొంగిచూసింది. "కెమెరాని తిడతావేంట్రా, దానికీ కళ్లున్నాయి. నచ్చిన ముఖం అయితే చూడదా?"

మళ్లీ తీశాడు. ఇంకో వారం ఇంకోసారి తీశాడు. తీసిన ప్రతిసారీ కెమెరా ఫోకస్ పెట్టే చోటు కొంచెం ముందుకి జరిగింది. మొదట గుడ్డ. తర్వాత గుడ్డకీ చిలకకీ మధ్య ఖాళీ... అక్కడ గాల్లో తేలే దుమ్ము కణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా వచ్చాయి. ఆ తర్వాత బొమ్మలో, చిలక భుజం మీద ఒక వెంట్రుక.

పొడవుగా, తిన్నగా ఉంది. చిలకది పొట్టి ఉంగరాల జుట్టు.

అతను ఆ బొమ్మ చెరిపేసి కెమెరా బల్ల మీద విసురుగా పెట్టాడు. "నీ ముఖంలోనే ఉంది లోపం" అన్నాడు. రెండు రోజులు చిలక తల దువ్వుకున్నప్పుడల్లా ముఖంలో ఆ లోపం కోసం వెతుక్కుంది.

మూడోరోజు మధ్యాహ్నం అతను ఏదో పెళ్లి పని మాట్లాడుకోవడానికి వెళ్లాడు. అత్తగారు పైన కునుకు తీస్తోంది. చిలక స్టూడియో తలుపు వేసుకుంది. ఎండ మండిపోతున్నా ఆ గదిలో నల్ల తెరలు దించితే అర్ధరాత్రే. వేడెక్కిన దీపాల మీద కాలిన దుమ్ము వాసన. గోడ అవతల ఎక్కడో కుళాయి చుక్క పడుతోంది. టప్... టప్...

కెమెరా తీసి మెనూ తిప్పడం మొదలుపెట్టింది. అతను చెప్పిన ప్రసంగాలన్నీ ఊరికే పోలేదు, కొంత చెవిలో మిగిలింది. తెలిసిన ముఖాలని కెమెరాకి ముందే చూపించి పెడితే, గుంపులో ఎంతమంది ఉన్నా అది వాళ్లనే వెతుక్కుంటుందట. ఆ పేజీ దొరికింది.

ఒకే ముఖం ఉంది. కింద చిన్న అక్షరాల్లో పేరు. పిచ్చుక.

చిలకకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతేనా! నా ముఖంలో లోపం కాదు, ఈ మహానుభావుడు పాత ముఖం తీసేయడం మర్చిపోయాడు! అద్దంలోనూ తనే, అత్త నోట్లోనూ తనే, చివరికి ఈ డబ్బాలోనూ తనే.

"ఇక చాలక్కా" అంది పైకే. "నాక్కూడా కొంచెం చోటివ్వు."

చెరిపేయనా అని అడిగింది కెమెరా. అవును అని నొక్కింది.

కుళాయి చుక్క ఆగిపోయింది.

స్క్రీన్ తన వైపు తిప్పుకుని, కెమెరాని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. మీ ముఖాన్ని చదరంలో ఉంచండి, కదలకండి అని రాసొచ్చింది. ఊపిరి బిగబట్టింది. పసుపు చదరం ఆమె ముఖం మీదికి వచ్చింది... వణికింది... పక్కకి జారింది... మళ్లీ వచ్చింది. ఈసారి గట్టిగా కూర్చుంది. మెడ వెనక చల్లగా అనిపించింది. తడి జుట్టు ఆనినట్టు.

క్లిక్.

ముఖం నమోదైంది. పేరు రాయమంది. చిలక ఆ గడి ఖాళీగానే వదిలేసింది.

తనని తను ఒక బొమ్మ తీసుకుంది. ఎంత బాగా వచ్చింది! కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. దాన్ని పెద్దది చేసి చూడాలని చక్రం తిప్పింది. కంగారులో ఎటో తిప్పినట్టుంది, పాత బొమ్మలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఆ కెమెరాలో రెండు మెమరీ కార్డులు పడతాయి. ఒకదాంట్లో పడ్డ ప్రతి బొమ్మకీ రెండోదాంట్లో నకలు పడుతుంది. అతను పని అయిన ప్రతిసారీ మొదటి కార్డు ఖాళీ చేసేవాడు. రెండోదాని జోలికి ఎప్పుడూ పోలేదు. ఇవి ఆ రెండోదాంట్లోవి.

చక్రం ఆగిన చోట అద్దంలోని బొమ్మ ఉంది. పైకి లేచిన జుట్టు. ఇంతింత కళ్లు.

చిలక వేలు ఊరుకోలేదు. దాని తర్వాతది చూసింది.

గుక్క తిప్పుకోకుండా సెకనుకి ఇరవై బొమ్మలు తీసే కెమెరా అది. తర్వాతి దాంట్లో జుట్టు ఇంకొంచెం పైకి లేచింది. ఆ తర్వాతి దాంట్లో ముఖం కొంచెం కిందికి దిగింది. ఇంకోదాంట్లో రెండు చేతులు పైకి వచ్చాయి, గాలిని పట్టుకోబోతున్నట్టు. ఇంకోదాంట్లో నుదురు, కళ్లు మాత్రమే. కెమెరా ఆ కళ్లని వదల్లేదు. అన్నిట్లోనూ కళ్లు స్పష్టంగా ఉన్నాయి.

చివరిదాంట్లో ఒట్టి ఆకాశం.

ఆ జుట్టుని లేపింది గాలి కాదు.

మెట్లు కాదు... డాబా. పడుతున్న మనిషిని తీశాడు. తీసి, వాటిల్లో అందంగా వచ్చినదాన్ని ఏరి అద్దంలో పెట్టాడు. తను దాన్ని చూసి ప్రేమించింది.

ఎంతసేపు అలా కూర్చుందో, తలుపు తెరుచుకుంది. వెలుగు కళ్లలో పొడిచింది.

"దాన్నెందుకు ముట్టుకున్నావ్?" గుమ్మంలో ఫోటోగ్రాఫరు.

"అక్క మెట్ల మీంచి పడలేదు" అంది చిలక.

అతను స్క్రీన్ చూశాడు. ముఖాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మరుక్షణం ఆ భయమంతా కోపంగా మారిపోయింది. ఒక చేత్తో కెమెరా, ఇంకో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని మెట్లెక్కించాడు. "రా. నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూస్తున్నావ్ కదా. రా, చూద్దువుగాని."

"ఏంట్రా ఆ అరుపులు?" అంటూ అత్తగారు వెనకే వచ్చింది.

డాబాకి మూడు వైపులా పిట్టగోడ ఉంది. నాలుగో వైపు కట్టకుండానే వదిలేశారు. సాయంత్రం పసుపు వెలుగు. గాలి లేదు. తీగ మీద ఆరేసిన బట్టలు శవాల్లా వేలాడుతున్నాయి. అతను చిలక చేతిలో కెమెరా కుక్కి, వెళ్లి ఆ నాలుగో వైపు నిలబడ్డాడు. అంచుకి ఇంకా రెండడుగుల జాగా ఉంది.

"దాంట్లోంచి చూడు! నా వెనక అంచు కనిపిస్తోందా?"

చిలక వ్యూఫైండర్‌కి కన్ను ఆనించింది. అతని ముఖం చెక్కినట్టుంది. వెనక నేల లేదు, అంచు లేదు. అంతా వెన్నే.

"లేదు" అంది.

"లేదు కదా! నాకూ కనిపించలేదు! అదే నేను చెప్పేది! ఇంకొంచెం వెనక్కి అన్నాను, అంతే. బుర్ర ఉన్న మనిషి వెనక్కి చూసుకోదా? అది చూసుకోకపోతే తప్పు నాదా?"

ఆమె వేలు ఎప్పుడు తగిలిందో, వ్యూఫైండర్‌ మూలన ఎర్రచుక్క వెలుగుతోంది. వీడియో నడుస్తోంది. కన్ను తీసేద్దామనుకుంది. తీయలేకపోయింది. కెమెరా ఆమె ముఖానికి అతుక్కుపోయినట్టుంది. ఆపమని అరుద్దామనుకుంది. పెదాలు కదల్లేదు.

అప్పుడు వినిపించింది. చాలా దగ్గరగా. ముద్దుగా.

"ఇంకొంచెం వెనక్కి..."

అతని నోరు తెరుచుకుంది. కళ్లు చిలక మీదే ఉన్నాయి. ఆమెని కాదు చూస్తున్నది.

"పిచ్చుకా..?"

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకొంచెం..."

ఇంకో అడుగు.

పసుపు చదరం అతని కంటిని పట్టుకుని కిందికి... కిందికి... జారిపోయింది. తర్వాత ఒట్టి ఆకాశం. ఒక చప్పుడు. వీధిలో ఎవరో కేక.

కొడుకు పడ్డ అంచు వైపు పరుగెత్తలేదు అత్తగారు. మెట్ల గుమ్మంలోనే నిలబడి కోడలి వీపుని చూస్తూ ఉండిపోయింది.

స్టేషన్‌లో పోలీసు అధికారి ఆ వీడియో ముందు పెట్టి కూర్చున్నాడు. "ఈ మాట నువ్వే అన్నావు కదూ?"

"నేను నోరు తెరవలేదండీ."

"డాబా మీద ఉన్న ఆడవాళ్లు ఇద్దరే. నువ్వు కాకపోతే ఆ ముసలావిడా?"

చిలక బతుకు ఇప్పుడు అత్తగారి నాలుక చివర ఉంది. ఏడాదిగా తనని కాల్చుకుతింటున్న నాలుక. ఇక అయిపోయింది అనుకుంది. అత్తగారు వీడియో దగ్గరికి చెవి వంచి ఆ ముక్క మళ్లీ మళ్లీ విన్నది.

"ఇది దీని గొంతు కాదు బాబూ" అంది. "దీని గొంతు నాకు తెలియదా? నా కొడుకు తనే కాలుజారి పడ్డాడు. నేను చూశాను."

అధికారి ఇంకొన్నాళ్లు తిప్పించుకుని కెమెరా ఇచ్చి పంపేశాడు.

ఇంటికొచ్చారు. స్టూడియో తెరలు దించే ఉన్నాయి. కాలిన దుమ్ము వాసన అలాగే ఉంది. చిలక గోడకి ఆనుకుని కూలబడింది. ఆ ముసలిదాని కాళ్లు పట్టుకోవాలనిపించింది.

"అత్తయ్యా... మీ రుణం..."

"ష్..."

అత్తగారు ఎప్పుడూ ముట్టని కెమెరా చేతిలోకి తీసుకుంది. స్క్రీన్ వెలిగింది. లెన్సు కోడలి వైపు తిప్పింది. పసుపు చదరం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తిన్నగా వచ్చి చిలక కంటి మీద కూర్చుంది. స్క్రీన్ వెలుగులో అత్తగారి ముఖం మెత్తబడిపోయింది. ఆ ముఖంలో అంత ప్రేమని చిలక ఎప్పుడూ చూడలేదు.

"నాకు డాబా మీదే తెలిసింది" అంది ముసలావిడ. స్క్రీన్‌ని ఇటు తిప్పి చూపించింది.

చదరం కింద, చిన్న అక్షరాల్లో, పేరు ఉంది. చిలక ఖాళీగా వదిలేసిన చోట.

పిచ్చుక.

"అలిసిపోయి ఉంటావ్ తల్లీ. పైకి రా, వడ్డిస్తాను."

నేను కాదత్తయ్యా, నేను చిలకని అందామని ఆమె నోరు తెరిచింది. పెదాలు విడివడ్డాయి, అంతే. మాట రాలేదు. తెరలు కదలడం లేదు. ఫ్యాను తిరగడం లేదు. స్క్రీన్‌లో, ఆమె ముఖం చుట్టూ, ఉంగరాలు ఒక్కొక్కటే విడిపోయి, పొడవుగా, తిన్నగా... జుట్టు పైకి లేస్తోంది.