సామ్యూల్ బూట్లు

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, తాను పనిచేసిన పల్టన్ (పటాలం) వాళ్ళ చిన్న మ్యూజియం గదిలో పర్వతాలు ఒక్కడే కూర్చున్నాడు. సాయంత్రం అయిదయింది. బయట ఇంకా మే నెల ఎండ మండుతోంది.

రిటైరై ఇరవై ఏళ్ళయినా ఏటా ఈ రోజుకు బోయిగూడ నుంచి ఆటోలో వస్తాడు. పల్టన్ పుట్టినరోజుకు ముందునాడు, డ్యూటీలో పోయిన ప్రతి సిపాయి బూట్లకూ పాలిష్ పెట్టాలి. పెట్టాల్సింది అతనితో జోడీగా, వంతులు మార్చుకుని కాపలా కాసినవాడే. ఇంకొకరు ముట్టరాదు. అది వాళ్ళ ఆచారం.

ఆ ఆచారమే ముప్పై రెండేళ్ళుగా పర్వతాలును కాపాడుతోంది.

రేపు అతని ముందున్న ఈ బూట్లను, పోయిన తన జోడీ సామ్యూల్ కూతురి చేతికిస్తారట. లేసుల కింది తోలు ఎత్తి చూస్తే చాలు... లోపలి సిపాయి నంబరు సామ్యూల్‌ది కాదు. పర్వతాలుది.

ఆనాడు మంచుకొండ మీద కాపలా దిగి వచ్చేసరికి అతని బూట్లు నీళ్ళు తాగి ఉన్నాయి. తెల్లారితే గస్తీ. కిరసనాయిలు స్టవ్ పక్కన సామ్యూల్ బూట్లు పొడిగా కనబడ్డాయి. తనవి అక్కడ పెట్టి, వాటిని తొడుక్కుని పడుకున్నాడు. చీకట్లో లేచిన సామ్యూల్ చేతికందినవే కట్టుకుని కాపలాకు పోయాడు. మంచుతుఫాను లేచింది. పొద్దున చూస్తే, ఆ తడి బూట్లలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే బిగుసుకుపోయి ఉన్నాడు. చలికి పోయాడని రాసుకున్నారు. పర్వతాలు నోరు విప్పలేదు.

ఇప్పుడు బ్లేడు తీసి నంబరు గీకబోయాడు. తోలు తడిగా తగిలింది. తుడిచాడు. మళ్ళీ చెమ్మ. పాలిష్ వాసన పోయి, కిరసనాయిలు పొగ వాసన కొట్టింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. మళ్ళీ తుడిచాడు... లోపలి నుంచి నీళ్ళు ఊరుతున్నాయి.

"అంకుల్?"

గుమ్మంలో హదస్సా. సామ్యూల్ కూతురు. వేసవి ట్యూషన్‌లో పాఠాలు చెప్పి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు ఇంకా సుద్దపొడి.

"రేపటిదాకా ఆగలేకపోయాను. అవేనా నాన్నవి?"

"జెర ఆగు బిడ్డా. ఇంక మెరుపు రాలే."

"మీరు ఎవరినీ ముట్టనివ్వరట, భలే మొండివారట. కల్నల్ గారు నవ్వారు." దగ్గరికొచ్చి ఆగింది. "బ్లేడుతోనా పాలిష్?"

పర్వతాలు చెయ్యి కిందికి జారింది.

"ఇవి మీ నాయినవి గావు తల్లీ. నావి. తడిసినయని నేనే ఇడ్సిపెట్టి, ఆయనవి ఏసుకున్న."

ఆమె వంగి, తోలు కింది నంబరు చూసింది.

"చలికే పోయాడా అని అమ్మ చనిపోయేదాకా అడిగింది," అంది మెల్లగా. "తొడుక్కోండి. నా ముందర తొడుక్కోండి."

పర్వతాలు చెప్పులు విడిచాడు. కుడికాలు బూటులో పెట్టాడు. సగం దిగింది. ఆగింది.

బూటు ఖాళీగా లేదు.

గడ్డకట్టిన వేళ్ళు... అయిదు... అతని వేళ్ళకు తగిలాయి. కాలు లాగాడు. రాలేదు.

"పట్టలేదా?" గుసగుసగా అడిగింది హదస్సా.

అతను మళ్ళీ కాలు లాగాడు. లోపలి వేళ్ళు మెల్లగా, ఒక్కొక్కటే పక్కకు జరిగి, అతని కాలికి చోటిచ్చాయి.