గోడ దాటే కనకాంబరాలు

తెల్లారకముందే తిరుపతమ్మ పెరట్లో కనకాంబరాలు కోసేస్తోంది. ఆ మొక్కలకి కాలంతో పనిలేదు. జగ్గయ్యపేట ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడ్డా, ముసురు పట్టి గుడ్డలు ఆరకపోయినా, వెన్నుకి నాలుగు పూలు విచ్చుకుంటూనే ఉంటాయి. ఒకప్పుడు ఆమెకి అదే గొప్ప. ఇప్పుడు అవి పూసినకొద్దీ గుండెల్లో గుబులు.

ఇంట్లో కూతురు కృష్ణప్రియ పడుకుని ఉంది. విజయవాడ ఆసుపత్రిలో కాన్సర్‌కి మందులెక్కించాక, నడుము దాటే జుట్టంతా దువ్వెనకే వచ్చేసింది. పిల్ల లేచి ఈ పూలు చూస్తే ఏమైపోతుందోనని తల్లి భయం. అందుకే రోజూ చీకటుండగానే కోసి, గోడవతల నాగశ్రీకి అందించేస్తోంది.

"ఓ మూరైనా ఉంచుకోండి పిన్నిగారూ. మీ తల బోసిగా ఉంది," అంది నాగశ్రీ పూలు అందుకుంటూ.

"నాకెందుకే. చప్పుడు చెయ్యకు, అది లేస్తుంది."

"రేపట్నించి వారం దాకా నేనుండను. నందిగామలో మా అమ్మకి ఒంట్లో బాలేదంట, వెళ్తున్నా."

నాగశ్రీ లోపలికెళ్లిపోయింది. తిరుపతమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. రేపట్నించి ఈ పూలు ఎవరికియ్యాలి? నలుగురూ తొక్కే చోట పారెయ్యడానికి మనసొప్పదు. కొయ్యకుండా వదిలేస్తే పెరడంతా ఎర్రగా కనపడుతుంది. అటూ ఇటూ తిరిగి, గబగబా పోయి కొడవలి తెచ్చింది. మొదటి మొక్క మొదలంటా తెగి పడింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

గుమ్మంలో కృష్ణప్రియ. తలకి నూలు స్కార్ఫు చుట్టుకుని ఉంది.

"చీడ పట్టిందమ్మా."

"ఇంత బాగా పూసేదానికి చీడేంటి? రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. మనింటి పూలు మనమే దొంగతనంగా గోడ దాటించుకుంటున్నాం."

"నీకు బాధగా ఉంటుందనీ..."

"జుట్టు ఊడింది నాకు. మొక్కలకేమైంది? నువ్వు పూలు పెట్టుకోవడం మానేసావు. నాన్న షాపునించి రాగానే గుసగుసలు మొదలెడతారు. రేడియో కూడా పెట్టట్లేదు. నేనింకా ఉన్నానమ్మా. మీరప్పుడే మైల పట్టినట్టు తిరుగుతున్నారు."

తిరుపతమ్మ చేతిలోంచి కొడవలి జారిపోయింది. ఇంట్లో ఆడవాళ్లు పూలు ముట్టని రోజులు ఎలాంటివో ఆమెకి తెలుసు. తను చేస్తున్నది అదేనని మాత్రం ఇన్నాళ్లూ తోచలేదు. పడిపోయిన మొక్క పక్కనే మట్టిలో కూలబడింది.

కృష్ణప్రియ మెల్లగా మెట్లు దిగింది. తెగిన మొక్క ఒళ్లో పెట్టుకుని, చీకట్లో తల్లి కంటపడక మిగిలిన పూలు తుంచింది. దారం తెచ్చుకుని మెట్టు మీద కూర్చుంది. మందులకి వేళ్లు మొద్దుబారాయి, ముడి పడటం లేదు.

"ఇటివ్వు, నేను కడతా."

"నువ్వొచ్చి కింది మెట్టు మీద అటు తిరిగి కూర్చో."

చాలాసేపటికి జానెడు మాల తయారైంది. తిరుపతమ్మ ఓరగా చూసింది. "ఇదేం మాలే, పువ్వుకీ పువ్వుకీ మధ్య బస్సు పోయేట్టుంది."

"పెట్టుకునేవాళ్లకి కనపడదులే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కూతురి వేళ్లు తన జుట్టుముడిలో మాల సర్దుతుంటే, తల్లి భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"కదలకమ్మా, పిన్ను గుచ్చుకుంటుంది," అంది కృష్ణప్రియ.

తిరుపతమ్మ కదలకుండా ఏడ్చింది.