వెనక్కి తిప్పి చూసిన పట్టు రుమాలు

గద్వాలలో చేనేత గల్లీ చివర, మురుగు మోరీ దాటాక ఒక పాత ఇల్లుంది. పొద్దుగూకితే దాని ముందునుంచి ఎవరూ నడవరు. కోట వైపు పోవాల్సినవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారు. పగలంతా మీసాలు మెలేసే మగవాళ్ళు సైతం అక్కడికి రాగానే బండి వేగం పెంచుతారు. ఎందుకని అడిగితే దోమలెక్కువ అంటారు.

దోమలు కాదు. తాళం వేసిన ఆ ఇంట్లో చీకటి పడ్డాక మగ్గం ఆడుతుంది...

టక్... కాసేపు ఏమీ ఉండదు... టక్, టక్... మళ్ళీ నిశ్శబ్దం.

ఆ గల్లీలో పుట్టినవాళ్ళకు మగ్గం చప్పుడే జోలపాట. కానీ ఈ చప్పుడుకు పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. చెయ్యి తిరిగిన మనిషి కూర్చుంటే మగ్గం ఒకే వరసన ఆడుతుంది. ఇది అట్లా కాదు. తడబడుతుంది, ఆగుతుంది, ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు మళ్ళీ మొదలవుతుంది.

"నవనీతనే," అని గల్లీ మొత్తం తేల్చేసింది. "దాని రుమాలు కోసం తిరుగుతున్నది."

ఆ రుమాలు తస్లీమ్ ట్రంకుపెట్టెలో ఉంది. ఆ సంగతి తస్లీమ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

తస్లీమ్ ఆ గల్లీలోనే బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. నవనీత ఆమెకు చిన్ననాటి నేస్తం. నవనీత తల్లి భాగ్యమ్మ ఆ చివరింట్లో, నేలలోని గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే గుంటమగ్గం మీద చీరలు నేసేది. తల్లీకూతుళ్ళకు ఒక్క విషయంలోనే పేచీ. కూతురు మగ్గం మీద చెయ్యి పెడితే భాగ్యమ్మ ఊరుకునేది కాదు. "ఈ గుంట నాతోనే పోవాలె. నువ్వు సదువుకో," అని లేపి పంపేది. అట్లా లేపి పంపగా, పంపగా ఆ పిల్ల హైదరాబాదు పోయి బొమ్మలు గీసే మనిషైంది.

ఒక పేరున్న విదేశీ ఫ్యాషన్ కంపెనీ ఆమెతో పట్టు స్కార్ఫ్‌కు బొమ్మ గీయించింది. కొన్నే అచ్చువేశారు. కొన్నవాళ్ళు వాటిని మెడకు చుట్టుకోరట, అద్దం బిగించి గోడకు పెట్టుకుంటారట. ముదురు నీలం మీద ఒక వేలాడే దీపం. దాని కింద మగ్గం గుంటలో, తొక్కుడు కర్రల మీద రెండు కాళ్ళు. చుట్టూ గద్వాల చీర మీద ఉండే కోటకొమ్మ అంచు. ఒక మూలన తెలుగులో 'నవనీత'.

కంపెనీవాళ్ళు తనకిచ్చిన రుమాలును ఆమె మొట్టమొదట తల్లి దగ్గరికే తెచ్చింది. ఆ రోజు తస్లీమ్ కూడా అక్కడే ఉంది.

భాగ్యమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని రుమాలు అందుకుంది. అందుకోవడంతోనే వెనక్కి తిప్పింది. అది ఆ గల్లీ అలవాటు. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు వెనక వైపే చూస్తారు. వాళ్ళ నేతలో ముందుకూ వెనకకూ తేడా కనిపిస్తే అది నేతే కాదు. ఈ రుమాలు వెనక వైపు రంగు వెలిసినట్టుంది.

"నేసింది కాదు బిడ్డా, అద్దింది," అన్నది భాగ్యమ్మ. "ఇంత పెద్ద దస్తీ ఏం చేసుకుంటరు?"

ఆమె మనసులో చెడు ఏమీ లేదు. ఏ గుడ్డనైనా అట్లాగే చూసేది, అట్లాగే అనేది. నవనీత నవ్వేసింది. కానీ బస్సెక్కే ముందు ఆ రుమాలు తెచ్చి తస్లీమ్ చేతిలో పెట్టింది.

"నువ్వే ఉంచుకో. అమ్మకు నచ్చలే."

ఆ వానాకాలమే హైదరాబాదులో డెంగీ జ్వరమొచ్చి నవనీత చనిపోయింది. భాగ్యమ్మ మంచాన పడింది. కొడుకు శ్రవణ్ కుమార్ ఆమెను కర్నూలు దవాఖానలో చూపించి, అటునుంచి అటే కొత్త కాలనీలోని తన ఇంటికి తీసుకుపోయాడు. ఈ ఇంటికి తాళం పడింది. మగ్గం మీద నీలం పోగు ఎక్కించింది ఎక్కించినట్టే ఉండిపోయింది.

తర్వాత మొదలైంది ఈ చప్పుడు.

గల్లీ భయం ఒకటి, తస్లీమ్ భయం ఇంకొకటి. నేస్తం గుర్తుగా మిగిలింది ఆ రుమాలొక్కటే. అందుకే చావింట్లో అందరూ దానికోసం వెతుకుతున్నా ఇవ్వలేక దాచుకుంది. అమ్మకు చేరాల్సిన వస్తువు తన పెట్టెలో మగ్గిపోతుంటే నవనీతకు నిద్ర ఎట్లా పడుతుందని కుమిలిపోయేది.

చివరికి ఒక రాత్రి, మసీదులో ఇషా అజాన్ అయిపోయాక, కరెంటు పోయిన చీకట్లో రుమాలు తీసుకొని బయలుదేరింది. తల్లి కుల్సుమ్‌బీ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"యాడికి?"

"దానిది దానికిచ్చి వస్త అమ్మీ."

కుల్సుమ్‌బీ ఇంకేమీ అడగలేదు. ఏవో ప్రార్థనలు చదివి కూతురి మీద ఊది వదిలింది.

మోరీ దాటింది... చప్పుడు వినిపిస్తూనే ఉంది. టక్... టక్, టక్... వీధి తలుపుకు తాళం. భయం పోవడానికి ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ పెరటివైపు తిరిగింది. పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది.

చెయ్యి తలుపు మీద పడగానే చప్పుడు ఆగిపోయింది.

లోపల నూనె వాసన, పాత గంజి వాసన. తస్లీమ్ ఫోన్ లైటు వేసింది. మగ్గం పక్కన, నేల మీద ఎవరో కూర్చున్నారు... విరబోసుకున్న జుట్టు... అటువైపు తిరిగిన ముఖం...

"నవనీతా... నీ రుమాలు తెచ్చిన," అన్నది.

ఆ మనిషి మెల్లగా ఇటు తిరిగింది.

"లైటు దించు తస్లీమూ. కండ్లల్ల పడుతున్నది."

భాగ్యమ్మ.

తస్లీమ్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. "నువ్వా పెద్దమ్మా... గల్లీ మొత్తం పరేషాన్ అయితున్నది, నవనీత దెయ్యమైందని."

"అననీ. నేను భజనకు పోయిన్నని కొడుకు అనుకుంటడు, గల్లోళ్ళు గట్ల అనుకుంటరు."

తస్లీమ్ రుమాలు ఆమె ఒడిలో పెట్టింది. భాగ్యమ్మ ఎడమ చేత్తో మడత విప్పింది. ఈసారి వెనక్కి తిప్పలేదు. ఆ నీలం మీది కాళ్ళను వేలితో తడుముతూ చాలాసేపు చూసింది.

"నా కాళ్ళే గదా ఇవి... మడమల పగుళ్ళు గూడ గీసింది," అన్నది. "ముందు దిక్కు ఒక్కసారి చూస్తే ఏం పోయేది నాకు?"

ఇద్దరూ ఏడ్చారు. పిల్ల పోయినప్పుడు ఒకచోట కూర్చుని ఏడవనేలేదు, ఆ ఏడుపు ఇప్పుడు ఏడ్చారు.

కాసేపటికి తస్లీమ్ కళ్ళు తుడుచుకుంది. "పా పెద్దమ్మా, దింపి వస్త. చీకట్ల వచ్చి నేసుడెందుకు? పగటిపూట రా, నేను తోడుంట."

భాగ్యమ్మ ఆమె వైపు వింతగా చూసింది. కొంగు కింద ఉన్న కుడిచేతిని ఎడమ చేత్తో ఎత్తి మోకాలి మీద పెట్టింది. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

"పక్షవాతమొచ్చి పడిపోయింది బిడ్డా. బువ్వ గూడ ఎడమ చేత్తోనే. ఏ చేత్తో నెయ్యాలె నేను?"

"మరి... ఇందాక..."

"నేను ఇనడానికి వస్త."

తస్లీమ్ లైటు ఎత్తింది. మెల్లగా మగ్గం మీదికి తిప్పింది. నీలం పోగు మీద బెత్తెడు గుడ్డ నేసి ఉంది. అందులో రెండు పాదాలు... వేళ్ళు, మడమలు. ఆమె వంగి కింద వైపు చూసింది.

ముందు ఎట్లా ఉందో వెనకా అట్లాగే ఉంది.

"అంచు చూసినవా?" అన్నది భాగ్యమ్మ గుసగుసగా. "లోపలికి గుంజుకపోయింది. కొత్తగ నేర్చుకునేటోళ్ళ చెయ్యి గట్లనే ఉంటది... ఒక్కనాడన్న కూసోనియ్యకపోతిని దాన్ని."

తస్లీమ్ ఎట్లా బయటపడిందో ఆమెకే తెలియదు. పెరటి గడప దాటిందో లేదో, వెనక చీకట్లో మళ్ళీ మొదలైంది.

టక్... టక్...

దాని వెంటే భాగ్యమ్మ గొంతు.

"జర మెల్లగ గుంజు బిడ్డా... గట్లనే. నేనున్న గదా, తొందరేం లేదు."

గల్లీవాళ్ళు ఇప్పటికీ చుట్టు తిరిగే పోతారు. కానీ ఈ మధ్య ఆ మగ్గం తడబడడం లేదు. ఒకే వరసన ఆడుతుంది. పిల్లలు కూడా ఆ చప్పుడుకు లేవడం మానేసి, హాయిగా నిద్రపోతున్నారు.